పోశన్నా, ఎర్ర కుండల జట్టూ

పోశన్నకు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఓడిపోయే జట్టును వదలడు. వదలమని ఎవరైనా చెబితే వాళ్ళనే వదిలేస్తాడు, కనీసం ఆ పూట చాయ్ వరకైనా. ఆ జట్టు కబడ్డీదీ కాదు, క్రికెట్‌దీ కాదు. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌ది. జగిత్యాల పక్క పల్లెలో పుట్టి, ఖతార్‌లో అల్ ఖోర్ అవతలి కంపెనీ క్యాంపులో సూపర్‌వైజర్ల మెస్సుకు వంట చేసే నలభై అయిదేళ్ళ మనిషికి ఆ ఆటతో ఏం పనని అడిగితే, "నీకు నీ బావమర్దితోని ఏం పని? ఉన్నడు గన్క ఉన్నడు" అనేవాడు.

టైంకీపర్ మధుసూదన్ తొంభై ఆరులో ఆ గదిలోకి దిగాడు. అమలాపురం వైపు మనిషి. ఎవరు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు అని రాసుకోవడం అతని ఉద్యోగం. కంటికి కనిపించింది కాగితం మీద పెట్టకపోతే అన్నం అరగదు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి పోశన్న పక్క మంచం మీద పడేసింది కంపెనీ.

మొదటి శుక్రవారం భోజనాలయ్యాక గదిలో టీవీ పెట్టారు. టీవీ అందరిదీ. వీసీఆర్ మాత్రం పోశన్నది. కాబట్టి ఆ గదికి ఒక చట్టం ఉండేది: ముందు పోశన్న క్యాసెట్టు, తర్వాతే అద్దెకు తెచ్చిన తెలుగు సినిమా. మధుసూదన్ ఆశగా ముందు వరసలో కూర్చున్నాడు. తెరమీద నెత్తిన ఎర్ర కుండలు బోర్లించుకున్నట్టున్న మనుషులు ఒకరిమీద ఒకరు పడి దొర్లుతున్నారు.

"ఏమండీ, ఇది ఆటా, తగాదానా?"

"కబడ్డీయే తమ్మీ. కూతకు బదులు బంతి పెట్టిండ్రు. గంతే తేడా."

రెండు గంటలపైన దొర్లారు. చివర్లో ఒక బక్కపలచటి ఆటగాడు వచ్చి రెండు స్తంభాల మధ్యనుంచి పోవలసిన బంతిని స్తంభాలకు బారెడు అవతల నుంచి పంపించాడు. ఎర్ర కుండల జట్టు ఓడిపోయింది. పోశన్న లేచి క్యాసెట్టు వెనక్కి తిప్పి, బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి పెట్టెలో పెట్టాడు.

"మల్లేశం పొద్దుగాల ఏం తిననట్టుండు. మొకం సూస్తెనే తెలుస్తలేదా" అన్నాడు.

ఆ అమెరికా కుర్రాడికి బక్క మల్లేశం అని నామకరణం చేసింది పోశన్నే. జట్టులో అందరికీ చేశాడు. వాళ్ళ అసలు పేర్లకు నోరు తిరగక కాదు, పరాయివాళ్ళను పిలిచినట్టు ఉంటుందని.

రెండో శుక్రవారం ఇంకో ఆట. ఓడిపోయారు. మూడోదీ అంతే. పన్నెండో శుక్రవారం ఆట మొదలైన అయిదు నిమిషాలకు మధుసూదన్‌కు అనుమానం వచ్చింది.

"ఇది మొదటి వారం చూసిందేనండీ. ఓడిపోతారు."

అదే గదిలో ఉండే హెల్పర్ నాగూర్ పక్కనుంచి మధుసూదన్ కాలు తొక్కాడు.

"ఆట అయిపోయిందా?" అన్నాడు పోశన్న.

"ఇంకా మొదలే కదండీ."

"మరి ఓడిపోయిండ్రని ఎట్లంటవు?"

ఆ సాయంత్రం మధుసూదన్‌కు చాయ్ రాలేదు.

తర్వాత నాగూర్ అసలు సంగతి చెప్పాడు. మెస్సులో వాల్టర్ అని ఒక ముసలి సూపర్‌వైజర్ ఉండేవాడు. ఆ ఎర్ర కుండల జట్టు ఆయన చదివిన కాలేజీది. వాళ్ళ తమ్ముడు అక్కణ్ణుంచి ఆటలు రికార్డు చేసి పోస్టులో పంపేవాడు. ఒక్కో ఆట ఓడిపోయినకొద్దీ పక్కన కూర్చుని చూసే తెల్లవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ఆయనా, చాయ్ ఇచ్చి నిలబడిపోయిన పోశన్నా మిగిలారు. తొంభై నాలుగులో పని ముగించుకుని వెళ్ళిపోతూ ఆయన ఆ క్యాసెట్లూ, ఏ దేశం క్యాసెట్టు పెట్టినా ఆడే తన వీసీఆరూ, ఒక ఎర్ర టోపీ పోశన్న చేతిలో పెట్టి పోయాడు. పదకొండు క్యాసెట్లు. పదకొండు ఓటములు. రెండేళ్ళుగా అవే తిరుగుతున్నాయి. ఎండకు టోపీ ఎరుపు పోయి గులాబీ రంగులోకి దిగింది కానీ, పోశన్న మాత్రం ప్రతి శుక్రవారం కొత్త ఆటకు కూర్చున్నట్టే కూర్చునేవాడు.

"ఈసారి మల్లేశం కొడ్తడు సూడు."

మల్లేశం కొట్టేవాడు కాదు. ఒకసారి గాలి ఎక్కువైందనేవాడు పోశన్న. ఒకసారి బూటు కొత్తదనేవాడు. ఒకసారైతే ఇంటికాడ ఎవరికో పాణం బాగలేనట్టుంది, మనసు మనసుల లేదన్నాడు.

మధుసూదన్ ఊరుకునే మనిషి కాదు. పాత టైంషీటు వెనకవైపు గీతలు కొట్టి, ఏ ఆటలో ఎవరికి ఎన్ని పాయింట్లో నీటుగా రాసి, కింద "గెలుపులు: సున్నా" అని వేసి పోశన్న బీరువాకు అంటించాడు. పోశన్న ఒక పూటంతా దానివంక చూశాడు. మర్నాటికి ఆ సున్నా కింద వంకరటింకర అక్షరాల్లో "ఇంకా ఆట ఉన్నది" అని చేరింది.

ఇంకొకసారి మెస్సులో మరో సూపర్‌వైజర్ జాలిపడి, ఆ ఏడాది అందరినీ ఓడించిన జట్టు టోపీ తెచ్చి పోశన్న నెత్తిన పెట్టబోయాడు. ఆ రోజు భోజనాల హాజరు రాసుకోవడానికి మధుసూదన్ అక్కడే ఉన్నాడు. పోశన్న టోపీని రెండు చేతులా అందుకుని, దుమ్ము లేకపోయినా దులిపి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు.

"మీ జట్టుకు మస్తు మందున్నరు సార్. నేనొక్కణ్ణి రాకుంటే తక్వగాదు. మావోళ్ళకు నేను రాకుంటే ఎవ్వలుండరు."

దాన్ని ఇంగ్లీషులో చెప్పమని మధుసూదన్‌ను అడిగాడు. మధుసూదన్ చెప్పాడు. ఆ సూపర్‌వైజర్ టోపీ జేబులో కుక్కుకుని, పప్పు ఇంకొంచెం వేయించుకున్నాడు.

"ఆటగాళ్ళు కూడా జట్లు మారుతుంటారు కదండీ. మీరు మారితే ఏం?" అన్నాడు మధుసూదన్ బయటికి వచ్చాక.

"ఆళ్ళకు ఆట కడుపుకూడు. మారొచ్చు, తప్పులేదు. మనకేం పోయేకాలం?"

ఆ జట్టులో పోశన్నకు ప్రాణమైనవాడు మల్లేశం కూడా కాదు. డెబ్భై రెండో నంబరు వాడు. పేరు గున్న. కొండంత మనిషి. పదకొండు ఆటల్లో ఒక్కసారైనా బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. మీదికొచ్చే వాళ్ళను ఆపడం, కింద పడడం, లేవడం, మళ్ళీ ఆపడం. టీవీ వాడు కూడా వాణ్ణి పొరపాటునే చూపించేవాడు. బంతి ఎటు పోతోందో గదిలో అందరూ చూస్తుంటే పోశన్న గున్నను వెతుక్కునేవాడు.

"ఎందుకండీ వాడంటే అంత ఇది?"

"బంతి వేరేటోనికి. దెబ్బలు ఈనికి. ఈడు తొవ్వ ఇస్తెనే గదా తమ్మీ ఆడు ఉరికేది." పోశన్న మళ్ళీ తెరమీద గున్నను వెతుక్కుంటూ, "ఈ క్యాంపుల మనమంత గున్నలమే" అన్నాడు.

మధుసూదన్ దాన్ని ఏ కాగితం మీదా రాసుకోలేదు. కానీ ఆ తర్వాత నుంచి అతని కళ్ళు కూడా డెబ్భై రెండో నంబరును వెతకడం మొదలుపెట్టాయి. అది అతనికి నచ్చలేదు.

అప్పుడప్పుడు ఖాసీం వచ్చేవాడు. ఒకప్పుడు ఆ గదిలోవాడే. లైసెన్సు సంపాదించుకుని ముఐథర్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. సెలవు దొరికిన శుక్రవారం అంత దూరం నుంచి వచ్చి, ఓడిపోయే ఆటను ఆసాంతం చూసి, నోట్లో జీడిపప్పు పెట్టుకున్నవాడిలా నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ నవ్వెందుకని మధుసూదన్ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఇక నాగూర్ సంగతి. కడప జిల్లావాడు, పదేళ్ళు లారీ తోలినవాడు. వచ్చింది హెల్పర్ వీసా మీద. ఇక్కడి లైసెన్సు తెచ్చుకుంటే కంపెనీ డ్రైవరుగా తీసుకుంటుంది. కాంట్రాక్టు తీరేలోపు తెచ్చుకోలేకపోతే ఎగ్జిట్, ఇంటికి టికెట్టు. ఈ మాట కంపెనీ చెప్పిన రోజునే నాగూర్ కంపెనీ బస్సు పక్కన నిలబడి ఫోటో దిగి ఊరికి పంపించాడు. భార్య షమ్సున్నీసా ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి, మా ఆయన దుబాయ్‌లో బస్సు డ్రైవరని ఊరంతా చూపించింది. ఖతార్ అని చెప్పించడం నాగూర్ వల్ల కాలేదు. బస్సు నాది కాదని చెప్పడం అసలే కాలేదు.

ఆరుసార్లు పరీక్షకు పోయాడు. ఆరుసార్లూ తప్పాడు. బండి తోలడం రాక కాదు. మన దగ్గర స్టీరింగు కుడివైపు, గేరు ఎడమ చేతికి. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు, గేరు కుడి చేతికి. పక్కన పోలీసు షుర్తా కూర్చుని "యల్లా" అని తొందరపెట్టగానే నాగూర్‌కు చెమటలు పట్టేవి. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా పదేళ్ళ అలవాటుతో ఎడమ చెయ్యి కదిలేది. ఎడమ చేతి వైపు ఉండేది గేరు కాదు, కిటికీ అద్దం తిప్పే హ్యాండిలు. చెయ్యి దాన్నే పట్టుకుని తిప్పేది. ఒకసారైతే రౌండెబౌటు చుట్టేలోపల అద్దం నాలుగుసార్లు కిందికి దిగి నాలుగుసార్లు పైకి లేచింది. బయట ఆగస్టు నెల. వడగాలి వచ్చి షుర్తా మొహాన కొట్టింది. ఆయన కాగితం మీద గీటు పెట్టి "మాఫీ" అన్నాడు, అరబ్బీలో "లేదు పో" అని.

తప్పిన ప్రతి వారమూ పోశన్న నాగూర్‌ను టీవీ ముందు మంచం మీద కూర్చోబెట్టి ఒక క్యాసెట్టు ఎక్కించేవాడు.

"ఓడిపోయొచ్చినోనికి ఓడిపోయే ఆటే సూపిస్తాడేంది సారూ ఈయప్ప" అని నాగూర్ మధుసూదన్ దగ్గర మొత్తుకునేవాడు. మొత్తుకుంటూనే పోయి కూర్చునేవాడు.

ఆరోసారి తప్పాక కంపెనీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నవంబరు నెలాఖరుకు కాంట్రాక్టు ఖలాస్. పరీక్షకు ఇంకొక్కసారే సెలవు ఇస్తారు. ఆ కాగితం చదివి చెప్పాల్సిన పని మధుసూదన్ మీద పడింది. నాగూర్ విని, మంచం కిందనుంచి పెట్టె లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టాడు.

"నాకు రాదులే సారూ. అనుకుంటానే ఉంటా, చెయ్యి దానంతటదే పోతాది. యిప్పుడే సర్దుకుంటే మేలు."

పోశన్న మెస్సుకు వెళ్ళి, పెద్ద డేగిసా మూతా, పప్పు గరిటా, ఒక ఖాళీ బకెట్టూ తెచ్చాడు. నాగూర్ సర్దిన బట్టలు తీసి మంచం మీద పడేసి, పెట్టె మూసి, దానిమీద నాగూర్‌ను కూర్చోబెట్టాడు. డేగిసా మూత చేతికిచ్చి, ఎడమ చేతిని తువ్వాలుతో ఆ మూతకు గట్టిగా కట్టేశాడు. కుడివైపు బకెట్టులో ఇసుక పోసి గరిటె గుచ్చాడు.

"గిది స్టీరింగు. గిది గేరు."

"యేం న్నా యిది?"

"మన జట్టుల ముప్పై మూడో నంబరోడు బంతిని ఎట్ల పట్కుంటడు? యాదికి తెచ్చుకో. ఏనుగులు మీద పడ్డా ఇడుస్తడా?"

"యిడవడు. ఓడిపోతాడు గానీ యిడవడు."

"నీ ఎడమ చెయ్యి గూడ గంతే. ఇడవద్దు. కుడి చెయ్యే గేరు చూస్కుంటది."

ఆ రోజు నుంచి సాయంత్రం డ్యూటీ దిగగానే గది ట్రాఫిక్ ఆఫీసు అయిపోయేది. పరంజీలు కట్టే స్కాఫోల్డింగ్ పనిలో హెల్పర్ లస్మయ్య. అతనే షుర్తా. పోశన్న దగ్గర గులాబీ టోపీ అడిగి పెట్టుకుని, పక్క మంచం మీద కూర్చుని "యల్లా, యల్లా" అని గద్దించేవాడు. లస్మయ్యకు ఆ వేషం మా బాగా కుదిరింది. హెల్పర్ నుంచి పైకి ఎక్కించే స్కాఫోల్డింగ్ కార్డు పరీక్షలో తను రెండుసార్లు తప్పాడు, ఆ కసంతా నాగూర్ మీద తీర్చుకున్నాడు. మధుసూదన్ పని గడియారం చూసి చెప్పడం, హారన్ కొట్టడం. అమలాపురంలో బి.కాం. పాసైన మనిషి నోటితో హారన్ కొడుతున్నానేమిటని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం మానేసి గట్టిగా కొట్టాడు.

మూడు వారాలు అలా నడిచింది. మొదటి వారం మూత కట్టు ఊడేంతగా చెయ్యి గుంజింది. రెండో వారం వేళ్ళు మాత్రం కదిలాయి. మూడో వారం పోశన్న తువ్వాలు విప్పేశాడు. చెయ్యి మూత మీదే ఉంది. ఇసుకలో గరిటె నాలుగు గేర్లూ తిరిగింది.

పరీక్ష బుధవారం. ఆ రోజు మధుసూదన్ టైంషీట్లో మూడు పేర్లు తప్పు రాశాడు. జీవితంలో మొదటిసారి. సాయంత్రం నాగూర్ క్యాంపు గేటు దగ్గర బస్సు దిగి, నేరుగా గదిలోకి వచ్చి, పెట్టె మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా గుప్పిట పట్టే ఉంది.

"అద్దం దిగిందా?" అన్నాడు పోశన్న.

"దిగలే న్నా." గుప్పిట విప్పి చూపించాడు. అరచేతిలో ట్రాఫిక్ ఆఫీసు ఇచ్చిన చీటీ చెమటకు తడిసి ఉంది. "పాసంట."

పోశన్న తల ఊపాడు. "శుక్రారం సేమియా పాయసం వండుత" అన్నాడు. అంతే.

శుక్రవారం నాగూర్ జుమ్మా నమాజు చేసుకుని వచ్చేసరికి ముఐథర్ నుంచి ఖాసీం కూడా దిగాడు. లస్మయ్యకు మాత్రం ఆ రోజు ఓవర్‌టైం డ్యూటీ పడింది. పోశన్న తన ట్రంకు పెట్టె తీశాడు. పదకొండు క్యాసెట్లూ పక్కకు పెట్టి, అడుగునుంచి న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. మధుసూదన్ దాన్ని ఇంతకుముందు చూశాడు. ఇంటి ఉత్తరాలేమో అనుకున్నాడు.

"పన్నెండోది" అన్నాడు పోశన్న. "వాల్టర్ దొర పోయేటప్పుడు చెప్పిండు, ఆఖరుది మంచిగున్నదని. ఒక్కణ్ణి సూస్తె ఏం బాగుంటది అని అట్లనే పెట్టిన. ఇప్పటిదాంక ముట్టలే."

"మూడేళ్ళు చూడకుండా ఉన్నారా?" మధుసూదన్ నోరు తెరిచాడు.

"ఇగో తమ్మీ. నువ్వు ఇప్పు."

మధుసూదన్ బ్లేడు తీసుకున్నాడు. పేపరు విప్పాడు. క్యాసెట్టు డబ్బా మూతకు తెల్లటి ప్లాస్టరు అతికించి ఉంది. మెస్సులో ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉండే ప్లాస్టరు. దాన్ని కోశాడు. దాని కింద, ఎప్పుడో కోసేసిన నల్లటి కరెంటు టేపు అంచులు ఉన్నాయి. ముట్టని క్యాసెట్టుకు రెండు సీళ్ళు ఎందుకున్నాయి? అతను తలెత్తాడు. పోశన్న ఫ్యాను వంక చూస్తున్నాడు. ఖాసీం మధుసూదన్ చెవి దగ్గరకు వంగాడు.

"నల్లది నాది సారూ. నాకు లైసెన్సు వచ్చిన దినం. తెల్లది ఈ గదిలోనే ఉండిన జానీకి ఏసీ మెకానిక్కు పని దొరికినప్పుడంట. మీరూ, నాగూరూ, లస్మయ్యా ఆ రోజు డ్యూటీలో ఉన్నారంట."

మధుసూదన్‌కు గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఒక శుక్రవారం డ్యూటీ దిగి వస్తే గదిలో ఉన్నవాళ్ళంతా ఊరికే నవ్వుతూ కూర్చున్నారు. తన వాటాకు గిన్నెలో సేమియా పాయసం ఉంచారు. ఏంటి విశేషమని అడిగితే "ఊకనే" అన్నాడు పోశన్న.

ఆట మొదలైంది. ఎర్ర కుండలు ఎప్పటిలాగే కింద పడ్డాయి, లేచాయి. చివరి నిమిషానికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బక్క మల్లేశం వచ్చాడు. నాగూర్ ఎడమ చెయ్యి మంచం పట్టెను పట్టుకుని ఉంది.

"నాతోని కాదు, నేను సూడ" అని పోశన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మధుసూదన్ టీవీ చూడలేదు. ఏడాదిన్నరగా ఎదురుచూసిన బంతిని వదిలేసి పోశన్ననే చూశాడు. పోశన్న వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నాడు. చూస్తున్నది టీవీని కాదు. నాగూర్ మొహాన్ని.

బంతి స్తంభాల మధ్యనుంచే పోయి ఉండాలి. నాగూర్ మొహం అట్లా వెలిగింది. మంచం మీద నుంచి లేచి, ఎవరిని పట్టుకోవాలో తెలియక మధుసూదన్‌ను పట్టుకుని ఎత్తేశాడు. తెరమీద గున్న కూడా మల్లేశాన్ని ఎత్తుకునే ఉన్నాడు.

"నే చెప్పలే? ఆట ఉన్నదని" అన్నాడు పోశన్న, మొహం మీదినుంచి చేతులు తీస్తూ, ఏమీ ఎరగనట్టు.

పాయసం తాగాక పోశన్న క్యాసెట్టు వెనక్కి తిప్పి, తుడిచి, డబ్బాలో పెట్టి మధుసూదన్ ఒళ్ళో వేశాడు. మధుసూదన్ ఆఫీసు సంచిలోంచి ఖాకీ రంగు కార్టన్ టేపు తీశాడు. మూత చుట్టూ రెండు చుట్లు చుట్టాడు.

"గట్టిగ అతికియ్యి" అన్నాడు పోశన్న. "లస్మయ్య కార్డు పరీక్ష వచ్చే నెల్లనే ఉన్నది."

పొట్లం ట్రంకు అడుక్కి చేరి, పైన పదకొండూ పేర్చి మూత వేసేసరికి లస్మయ్య డ్యూటీ దిగి వచ్చాడు. హెల్మెట్టు పక్కన పెట్టి, పాయసం గిన్నె అందుకుని అందరి మొహాలూ చూశాడు.

"ఏందే, అందరు గట్ల నవ్వుతున్నరు? మనోళ్ళు గెలిచిన్రా ఏంది?"

పోశన్న చెంచాలు కడుగుతున్నాడు. ఇన్నాళ్ళూ ఆ జట్టు ఓటములన్నీ కాగితం మీద పెట్టిన మధుసూదన్ గొంతు సవరించుకున్నాడు.

"లేదు లస్మయ్యా, ఓడిపోయారు" అన్నాడు. "కానీ ఇంకా ఆట ఉంది. నువ్వు వచ్చే శుక్రవారం ముందు మంచం మీద కూర్చో."